ఇంట్లో వచ్చే మార్కులు హాల్లో ఎందుకు రావడం లేదు? ప్రవేశ పరీక్షకు 70 రోజులు మిగిలినవాళ్లకు

మీరు అడిగినదాని సారాంశం ఇది. కాలేజీ ప్రవేశ పరీక్ష ఇంకా 70 రోజులుంది. సిలబస్ ఒకసారి పూర్తయింది. ఇంట్లో చేసుకుంటే బిట్లు బాగానే వస్తున్నాయి కానీ మాక్ టెస్టులో కూర్చోగానే చేతులు చల్లబడుతున్నాయి, మొదటి పది నిమిషాలు ఏమీ తోచడం లేదు, తెలిసినవే తప్పు పెడుతున్నారు. "ప్రశాంతంగా ఉండాలంటే ఏం చేయాలి, మిగిలిన రోజుల్లో ఏం చదవాలి" అని రెండు ప్రశ్నలు వేశారు. నా లెక్కలో అవి రెండూ ఒకటే. హాల్లో అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిన విషయాలు ఎన్ని ఉంటే కంగారు అంత పెరుగుతుంది. ఏ బిట్టు ముందు చేయాలి, ఎప్పుడు వదిలేయాలి, తెలియనిదానికి గుర్తు పెట్టాలా వద్దా, గుండె దడ మొదలైతే ఏం చేయాలి అన్నవి ఇంటి దగ్గరే తేలిపోవాలి. హాల్లో మిగలాల్సింది లెక్కలు చేయడం ఒక్కటే.

ముందు ఆ చేతులు చల్లబడే సంగతి చూద్దాం. కంగారులో చదివింది చెరిగిపోదు. ఒక లెక్క చేస్తున్నప్పుడు ఇచ్చిన విలువలు, మధ్యలో వచ్చిన జవాబులు, తర్వాతి మెట్టు ఇవన్నీ కాసేపు పట్టి ఉంచుకోవడానికి మెదడులో ఒక ఏర్పాటు ఉంది. దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. అది చాలా ఇరుకైనది. ఒకేసారి మూడు నుంచి ఐదు విషయాలకు మించి అందులో నిలవవు. "టైమ్ అయిపోతోంది", "పక్కవాళ్లు అప్పుడే పేజీ తిప్పేశారు", "ఈసారీ పోతే ఇంట్లో ఏమంటారో" అనే ఆలోచనలు కూడా వచ్చి ఆ ఇరుకులోనే కూర్చుంటాయి. లెక్కకు చోటు చాలదు. అందుకే కంగారులో ఒక్క మెట్టులో తేలే బిట్ల కన్నా మూడు నాలుగు మెట్లున్నవి ఎక్కువ దెబ్బతింటాయి.

ఇది తెలిస్తే మీ జబ్బేమిటో మీరే పట్టుకోవచ్చు. గత రెండు మాక్ టెస్టుల్లో తప్పు పోయిన బిట్లన్నీ జవాబులు చూడకుండా ఒక కాగితం మీదికి ఎత్తి రాయండి. మరుసటి రోజు పుస్తకం తెరవకుండా, టైమ్ పెట్టుకోకుండా చేయండి. తప్పుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు సరిగ్గా వస్తే నిజంగానే హాలు మిమ్మల్ని ఇబ్బంది పెడుతోంది. సగం కూడా రాకపోతే మాత్రం, వినడానికి కష్టంగా ఉన్నా, టెన్షన్ మీద నెపం వేసి లాభం లేదు. ఆ చాప్టర్లు మీకు ఇంకా రాలేదు. మీ విషయంలో బహుశా రెండూ కొంత కొంత ఉంటాయి. వైద్యం మాత్రం వేరువేరు.

"ఇంట్లో బాగానే వస్తున్నాయి" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇంట్లో ఎలా చేస్తున్నారు? చాప్టర్ చదివి, వెంటనే ఆ చాప్టర్ చివరి బిట్లు చేసి, ఇరుక్కున్న చోట సొల్యూషన్ మీద ఒక్క చూపు వేసి "ఆ, ఇదేగా" అనుకుంటే, అది రావడం కాదు. చూసినప్పుడు తెలిసినట్టుండటం వేరు, చూడకుండా బయటికి తీయగలగడం వేరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక్క విడతే చదివి, మూడుసార్లు చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకు గుర్తున్నది సుమారు 40 శాతం, రాసి చూసుకున్నవాళ్లకు సుమారు 61 శాతం. మీ ప్రవేశ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత లేదు.

రెండో మోసం ఒకే చాప్టర్ బిట్లు వరసగా చేయడం. ఆ చాప్టర్ తెరిచి ఉందంటే ఏ పద్ధతి వాడాలో ముందే తెలిసిపోయినట్టే. అసలు పేపర్లో ఆ సౌకర్యం ఉండదు. ఇది ఏ చాప్టర్‌దో గుర్తుపట్టడమే సగం పని. 2007లో రోరర్, టేలర్ ఘనాకారాల ఘనపరిమాణం లెక్కలతో ఇదే చూశారు. ఒకే రకం వరసగా చేసినవాళ్లు ప్రాక్టీసులో 89 శాతం సరిగ్గా చేశారు. అన్ని రకాలూ కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో అది తిరగబడింది. వరసగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం. కలిపి చేస్తున్నప్పుడు "నాకేమీ రావడం లేదు" అనిపిస్తుంది. అలా అనిపించగానే మళ్లీ చాప్టర్ వారీ ప్రాక్టీసుకి పారిపోవడం చాలామంది చేసే తప్పు.

ఇక 70 రోజులు. మొదటి నాలుగు రోజులు చదవకండి, కొలవండి. ప్రతి చాప్టర్ నుంచి పాత ప్రశ్నపత్రాల్లోని 10 బిట్లు తీసుకుని, అసలు పరీక్షలో ఒక్కోదానికి ఎంత టైమ్ దొరుకుతుందో అంతే పెట్టుకుని చేయండి. ఒక్కో బిట్టుకు రెండు నిమిషాలనుకుంటే చాప్టర్‌కు 20 నిమిషాలు. 60 చాప్టర్లుంటే 20 గంటలు, అంటే రోజుకు ఐదు గంటల చొప్పున నాలుగు రోజులు. ఏడు అంతకన్నా ఎక్కువ వచ్చిన చాప్టర్లను కాపాడుకుంటే చాలు. నాలుగు నుంచి ఆరు వచ్చినవి మీ బంగారం. పునాది ఉంది, ఎక్కడో ఒకట్రెండు చోట్ల తెగింది; గంట పెడితే ఎక్కువ మార్కులు తిరిగొచ్చేది ఇక్కడే. మూడు లోపు వచ్చినవాటిలో పాత పేపర్లలో తరచుగా వచ్చేవీ, వేరే చాప్టర్లకు ఆధారమైనవీ మాత్రమే ముట్టుకోండి. మిగతావి వదిలేయండి. ఈ వదిలేయడం చేతకాకే చాలామంది ఆఖరి నెలంతా కష్టమైన మూడు చాప్టర్ల చుట్టూ తిరిగి, బాగా వచ్చిన పదింటిని తుప్పు పట్టిస్తారు.

రివిజన్ ఎన్నాళ్లకోసారి? దీని మీద 2008లో సెపెడా బృందం చేసిన పని ఉపయోగపడుతుంది. గుర్తుంచుకోవాల్సిన గడువు వారమైతే రెండు చదువుల మధ్య ఎడం అందులో 20 నుంచి 40 శాతం, ఏడాదైతే 5 నుంచి 10 శాతం ఉన్నప్పుడు ఫలితం బాగుందని వాళ్లు తేల్చారు. మీకున్న రెండు నెలల పైచిలుకు గడువుకు 10 నుంచి 15 రోజుల ఎడం సరిపోతుందని లెక్క వేసుకోవచ్చు. అంటే వదిలేసినవి పోగా ప్రతి చాప్టర్ కనీసం నాలుగుసార్లు చేతికి రావాలి. వచ్చినప్పుడు పుస్తకం తెరవడం తర్వాత, ముందు తెల్లకాగితం. ఆ చాప్టర్‌లోని సూత్రాలు, షరతులు, మినహాయింపులు పది నిమిషాలు చూడకుండా రాయండి. ఆ తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు ఇంకుతో చేర్చండి. మరోసారి వచ్చినప్పుడు ఆ రంగు ఇంకు భాగంతోనే మొదలుపెట్టండి.

రోజుకు ఏడు గంటలు నిజంగా కూర్చోగలిగితే మూడు గంటలు ఆ నాలుగు నుంచి ఆరు వచ్చిన చాప్టర్లకు, రెండు గంటలు అన్నీ కలగలిపిన బిట్లకు, గంట తెల్లకాగితానికి, గంట తప్పుల పుస్తకానికి. పద్నాలుగు గంటలు చదివామనే మాటలు చెవిలో వేసుకోకండి. గంటలు లెక్కపెట్టేవాళ్లు కుర్చీలో ఉన్న టైమ్‌ని కూడా కలిపేస్తారు. రోజు చివర రాసుకోవాల్సిన సంఖ్య ఒకటే: సాయం లేకుండా సరిగ్గా చేసిన బిట్లు ఎన్ని.

తప్పుల పుస్తకం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే దాన్ని పెట్టనివాళ్లు తక్కువ, సరిగ్గా పెట్టేవాళ్లు ఇంకా తక్కువ. మొత్తం బిట్టు, మొత్తం సొల్యూషన్ అందంగా ఎక్కించుకుంటే అది రాత పనే. ఒక్కో తప్పుకు మూడు లైన్లు చాలు: బిట్టు ఎక్కడిది, నేను ఎక్కడ తప్పాను, ఈసారి ఏం చూసి గుర్తుపడతాను. పక్కన ఒక గుర్తు వేయండి. 'తె' అంటే అసలు తెలియదు. 'గు' అంటే చదివాను, గుర్తు రాలేదు. 'దా' అంటే దారి తప్పింది, వేరే పద్ధతి పట్టుకున్నాను. 'జా' అంటే చేయి జారింది. ఈ నాలుగింటికి మందులు వేరు. 'తె' అయితే పాఠం దగ్గరకు వెళ్లాలి. 'గు' అయితే తెల్లకాగితం. 'దా' అయితే కలగలిపిన బిట్లు ఎక్కువ చేయాలి, అందులోనూ పూర్తిగా చేయకుండా "ఇది ఏ పద్ధతి" అని మాత్రమే తేల్చి తర్వాతిదానికి పోయే ప్రాక్టీసు. అలా అరగంటలో 30 బిట్లు చూడొచ్చు.

'జా' దగ్గరే అందరూ తమను తాము మోసం చేసుకుంటారు. సిల్లీ మిస్టేక్ అని పేరు పెట్టి, ఈసారి జాగ్రత్తగా ఉంటానని అనుకుని వదిలేస్తారు. జాగ్రత్తగా ఉండాలనుకోవడం ఒక పద్ధతి కాదు. జారినవాటిని ఇంకా చీల్చండి. మైనస్ గుర్తు పోయిందా, యూనిట్ మార్చలేదా, "కానిది ఏది" అన్నదాన్ని "ఏది" అని చదివారా, వచ్చిన విలువ సరైనదే అయినా అడిగింది దాని వర్గమా, రఫ్‌లో 7 రాసి 1గా చదివారా. నాలుగైదు పేపర్లు పోగయ్యేసరికి మీ జారుళ్లు రెండు మూడు రకాల చుట్టూనే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. మైనస్ గుర్తులు పోయేవాళ్లు సాధారణంగా ఒకే లైన్లో రెండు పనులు చేస్తుంటారు, బ్రాకెట్ విప్పడం, పక్షం మార్చడం కలిపి. వాళ్లకు మందు లైన్‌కు ఒకే పని. "కానిది" మిస్సయ్యేవాళ్లు ఆ మాట కింద గీత గీయడం అలవాటు చేసుకోవాలి. కంప్యూటర్ పరీక్షైతే రఫ్ కాగితం మీద బిట్టు నంబర్ పక్కన 'కా' అని రాసుకోవాలి. రఫ్ పనిని మూలల్లో ఇరికించి రాయడం కూడా ఒక కారణమే. పేజీని నిలువునా రెండుగా మడిచి, బిట్టు నంబర్ వేసి, పైనుంచి కిందికి రాస్తే తర్వాత సరిచూసుకోవడం కుదురుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. కాగితం మీద పెట్టిన విలువను బుర్రలో మోయాల్సిన పని లేదు, ఆ మేరకు ఇందాక చెప్పిన ఇరుకు చోటు ఖాళీ అవుతుంది.

మాక్ టెస్టులు ఎన్ని రాయాలి? పదో రోజు నుంచి నలభయ్యో రోజు దాకా వారానికొకటి, అరవయ్యో రోజు దాకా వారానికి రెండు, ఆఖరి పది రోజుల్లో రెండు లేదా మూడు. మొత్తం పన్నెండు పదమూడు. రోజుకొకటి రాసేవాళ్లున్నారు, వాళ్లు రాసిన తప్పునే మళ్లీ మళ్లీ రాస్తుంటారు. మూడు గంటల పేపర్‌ను విప్పి చూడటానికి నాలుగైదు గంటలు పడుతుంది. అంత టైమ్ లేకపోతే మాక్ టెస్టు రాయకపోవడమే మేలు. పరీక్ష ఏ గంటకు మొదలవుతుందో మాక్ కూడా అదే గంటకు మొదలవ్వాలి. ఫోన్ వేరే గదిలో. మధ్యలో లేవడం, నీళ్లకు వెళ్లడం అసలు పరీక్షలో ఎంతవరకు కుదురుతుందో ఇక్కడా అంతే. వీలైతే కొన్నిటిని ఇంట్లో కాకుండా లైబ్రరీలోనో, నలుగురు తిరిగే గదిలోనో రాయండి. దగ్గులు, కుర్చీల చప్పుడు, పక్కన ఎవరో గబగబా రాస్తుండటం ముందే అలవాటైతే ఆ రోజు కొత్తగా అనిపించవు. ఒకట్రెండు మాక్‌లు కావాలనే చెడగొట్టుకోండి: మొదటి పదిహేను నిమిషాలు అతి కష్టమైన బిట్లతో మొదలుపెట్టండి. పేపర్ కఠినంగా వస్తే ఎలా ఉంటుందో, దాన్నుంచి ఎలా తేరుకోవాలో అప్పుడు తెలుస్తుంది.

పేపర్‌ను ఒక వరసలో, ఒకటో బిట్టు నుంచి ఆఖరిదాకా చేసుకుంటూ పోకండి. మూడు చుట్లు వేయండి. ఉదాహరణకు 180 నిమిషాలు, 90 బిట్లు అనుకుందాం. మొదటి చుట్టు 80 నిమిషాలు. బిట్టు చదివిన అరనిమిషంలో దారి కనిపిస్తే చేయాలి, లేకపోతే గుర్తు పెట్టి ముందుకు. దారి కనిపించి చేతికి చిక్కనివి రెండో చుట్టుకు, దానికి 65 నిమిషాలు. మూడో చుట్టు 25 నిమిషాలు, సగం తెలిసినవాటికి. ఆఖరి 10 నిమిషాలు కొత్తగా ఏమీ చేయకుండా గుర్తులు సరిచూసుకోవడానికి. ఒక బిట్టు మీద మూడు నిమిషాలు దాటిందంటే ఎంత దగ్గరికి వచ్చినట్టున్నా వదలాలి. "ఇంత చేశాక వదలడమా" అనే పంతమే ర్యాంకులు తినేస్తుంది. ఇష్టమైన సబ్జెక్టులోనే ఈ పంతం ఎక్కువ, గమనించండి. ఈ నిమిషాలు మీ పేపర్‌కు తగ్గట్టు మార్చుకుని, మూడు మాక్‌లలో ప్రయత్నించి, తర్వాత ఇక మార్చకండి. సెక్షన్‌కు విడిగా టైమ్ ఉండే పరీక్షలైతే ఇదే పద్ధతిని ఒక్కో సెక్షన్ లోపల చేయాలి.

నెగెటివ్ మార్కుల విషయంలో భయం, మొండిధైర్యం రెండూ పనికిరావు. లెక్క వేయండి. సరైనదానికి 4, తప్పుకు మైనస్ 1, నాలుగు ఆప్షన్లు ఉంటే, కళ్లు మూసుకుని పెట్టినా సగటున బిట్టుకు పావు మార్కు వస్తుంది. ఒక ఆప్షన్ ఖచ్చితంగా కొట్టేయగలిగితే సగటు 0.67. రెండు కొట్టేస్తే 1.5. సరైనదానికి 1, తప్పుకు మైనస్ మూడో వంతు అయితే గుడ్డిగా పెడితే సగటు సున్నా. తప్పుకు అరమార్కు పోయేదైతే గుడ్డిగా పెట్టడం నష్టం, ఒకటి కొట్టేస్తే సున్నా, రెండు కొట్టేస్తేనే లాభం. నెగెటివ్ లేకపోతే ఒక్క బిట్టు కూడా ఖాళీ వదలకూడదు. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. తప్పు ఆప్షన్లు ఊరికే పెట్టరు. మైనస్ గుర్తు మర్చిపోతే వచ్చే విలువ, సగం దారిలో ఆగితే వచ్చే విలువ అక్కడ కూర్చుని ఉంటాయి. అందువల్ల "ఇదేనేమో" అని పెట్టేవి గుడ్డిగా పెట్టినవాటి కన్నా అధ్వాన్నం కావచ్చు. మీ విషయంలో ఎలా ఉందో మాక్ టెస్టుల్లోనే తేల్చుకోండి. అనుమానంతో పెట్టిన ప్రతి బిట్టుకూ చుక్క పెట్టి, తర్వాత లెక్కించండి. 4, మైనస్ 1 పద్ధతిలో 40 చుక్కలకు 8 సరైనవైతే లాభనష్టాలు సమానం. అంతకన్నా బాగా తక్కువ వస్తుంటే మీ ఊహ మీద ఆధారపడకండి.

మొదట పెట్టిన జవాబు మార్చకూడదనే మాట తరతరాలుగా చెబుతున్నారు. అది నిజం కాదు. క్రూగర్, మరో ఇద్దరు 2005లో ప్రచురించిన అధ్యయనంలో 1,561 మంది పరీక్ష కాగితాల్లో చెరిపిన గుర్తులు పరిశీలించారు. మార్పుల్లో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు, 25 శాతం ఒప్పు నుంచి తప్పుకు. ఒప్పును మార్చి పోగొట్టుకున్న బాధ ఎక్కువ గుర్తుంటుంది కాబట్టి ఆ మాట బతికిపోయింది. కారణం చూపించగలిగితే మార్చండి, కాళ్లు వణుకుతున్నాయని మాత్రం మార్చకండి.

ఇప్పుడు శరీరం. గుండె దడ తగ్గడానికి నమ్మదగిన ఉపాయం గాలిని పీల్చడం కన్నా వదలడం మీద ధ్యాస పెట్టడం. ముక్కుతో నిండుగా పీల్చి, దాని మీద ఇంకొంచెం పీల్చి, నోటితో నెమ్మదిగా, పూర్తిగా వదలండి. పీల్చడానికి మూడు నాలుగు సెకన్లు పడితే వదలడానికి ఆరు నుంచి ఎనిమిది. మూడు నుంచి ఐదుసార్లు చాలు, నిమిషం కూడా పట్టదు. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది, అందుకే వదలడాన్ని పొడిగిస్తాం. పొరపాటు ఎక్కడంటే, "గట్టిగా ఊపిరి తీసుకో" అని ఎవరో చెప్పగానే గబగబా లోతుగా పీలుస్తారు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాన్ని చూసి ఇంకా భయం. ఈ పద్ధతిని ప్రతి మాక్‌కు ముందూ, ఒక్కో చుట్టు మధ్యలోనూ చేయండి. పరీక్ష రోజే మొదటిసారి ప్రయత్నిస్తే అది యుద్ధకాలే శస్త్రాభ్యాసం.

"శాంతించు, శాంతించు" అని మనసుకు చెప్పుకోవడం మాత్రం పెద్దగా పనిచేయదు. కొట్టుకునే గుండెను మాటతో ఆపలేం, ఆగకపోయేసరికి ఇంకో ఓటమిలా అనిపిస్తుంది. జేమీసన్ బృందం 2010లో చేసిన ప్రయోగంలో కొందరు విద్యార్థులకు పరీక్షకు ముందు ఒక్క విషయం చెప్పారు: ఈ దడ పరీక్షకు చెడు చేయదు, మేలు కూడా చేయవచ్చు అని. గణితంలో వాళ్లే మెరుగ్గా చేశారు. కాబట్టి చేతులు చల్లబడితే "మొదలైంది, శరీరం సిద్ధమవుతోంది" అని పేరు పెట్టి పని మొదలుపెట్టండి. పరీక్షకు ముందు పది నిమిషాలు భయాలన్నీ కాగితం మీద రాస్తే మార్కులు పెరుగుతాయని 2011లో ఒక అధ్యయనం వచ్చి బాగా ప్రచారమైంది. 2018లో పెద్ద ఎత్తున మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. మాక్‌కు ముందు రాసి చూడండి, తేలిగ్గా అనిపిస్తే ఉంచుకోండి, లేకపోతే మానేయండి.

ఆఖరి వారంలో కొత్త చాప్టర్ వద్దు. తప్పుల పుస్తకం, తెల్లకాగితం, రోజుకు గంటో రెండు గంటలో కలగలిపిన బిట్లు. ఆఖరి మాక్ మూడు రోజుల ముందు, అదీ మధ్యరకం పేపర్. అతి కష్టమైనది రాసి మనసు పాడుచేసుకోవద్దు. ముందు రోజు మూడు నాలుగు గంటలు పైపైన చూసి పుస్తకాలు మూసేయండి. హాల్ టికెట్, గుర్తింపు కార్డు, అనుమతించిన పెన్నులు, ఫొటో అడిగితే ఫొటో, అన్నీ సాయంత్రానికే ఒక కవర్లో ఉండాలి. సెంటర్ ముందే ఒకసారి చూసి రండి, వీలైతే అదే గంటకు బయలుదేరి.

నిద్ర ఒక్క రాత్రిలో సరిచేసేది కాదు. రాత్రి ఒంటిగంట దాకా మేలుకునే అలవాటుంటే పది రోజుల ముందు నుంచి రోజుకు 15, 20 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. ముందు పడుకోవడంతో కాదు, ముందు లేవడంతో మొదలుపెట్టండి. లేవగానే వెలుతురులోకి వెళ్లండి. పరీక్ష ముందు రాత్రి రోజూ కన్నా రెండు గంటలు ముందే పడుకుంటే నిద్ర రాదు. అలవాటైన నిద్రవేళకు ముందు రెండు మూడు గంటలు శరీరం అసలు నిద్రకు ఒప్పుకోని సమయం. పక్కమీద దొర్లుతూ గడియారం చూస్తే అదే కొత్త టెన్షన్. మామూలు వేళకే పడుకోండి. ఆ రాత్రి సరిగ్గా పట్టకపోయినా, అంతకుముందు వారమంతా బాగా నిద్రపోయి ఉంటే మరుసటి రోజు మూడు గంటల పేపర్‌కు పెద్ద లోటు రాదు. కాఫీ, టీలలోని కెఫీన్ సగం తగ్గడానికే చాలామందిలో సుమారు ఐదు గంటలు పడుతుంది, సాయంత్రం తాగితే రాత్రికి ఇంకా ఒంట్లో ఉంటుంది. తిండి విషయంలో ఒక్కటే మాట: ఆ ఉదయం కొత్తదేదీ వద్దు, మాక్‌ల ముందు తిన్నదే తినండి.

హాల్లో మొదటి పది నిమిషాలే మీకు గండం అన్నారు కదా. ఆ పది నిమిషాలకు ముందే స్క్రిప్టు రాసుకోండి. పేపర్ చేతికి రాగానే, లేదా తెర మీద తెరుచుకోగానే, రెండుసార్లు గాలి నెమ్మదిగా వదలండి. మీకు బాగా వచ్చిన సెక్షన్‌కు వెళ్లి, ఒక్క మెట్టులో తేలే ఐదు బిట్లు వెతికి చేయండి. ఎన్ని మార్కులన్నది కాదు, చేయి కదలడం ముఖ్యం. మధ్యలో పూర్తిగా బ్లాంక్ అయిపోతే పెన్ను కింద పెట్టి మళ్లీ అదే శ్వాస, తర్వాత బిట్టులో ఇచ్చిన విలువల్ని యూనిట్లతో సహా రఫ్‌లో ఎత్తి రాయండి. ఎత్తి రాయడానికి తెలివి అక్కర్లేదు, అందుకే అది పనిచేస్తుంది. సూత్రం నాలుక చివర ఆడుతుంటే దాన్ని పట్టి లాగకండి. లాగేకొద్దీ తప్పుదే మళ్లీ మళ్లీ వస్తుంది. వదిలి నాలుగు బిట్లు చేసి తిరిగి వస్తే తరచుగా దానంతటదే వస్తుంది.

ఓఎమ్మార్ షీటైతే ప్రతి పది బిట్లకోసారి నంబర్ సరిచూడండి. ఒక బిట్టు వదిలేసి తర్వాతిది దాని గళ్లో దిద్దడం ఆ తర్వాతివన్నిటినీ ముంచుతుంది. బబ్లింగ్ అంతా ఆఖరికి వాయిదా వేయకండి. కంప్యూటర్ పరీక్షైతే ఆప్షన్ నొక్కడంతో పని అయిపోదు, సేవ్ బటన్ నొక్కాల్సిన పరీక్షలు ఉన్నాయి. రివ్యూకి గుర్తు పెట్టిన జవాబును లెక్కలోకి తీసుకుంటారో లేదో కూడా సూచనల్లో చదవాలి. అధికారిక నమూనా పరీక్ష పెట్టి ఉంటే రెండుసార్లు రాసి, చేతికి అలవాటు చేసుకోండి.

ఇంట్లోవాళ్లు "ఎంతవరకు అయింది" అని అడగడం ఆపరు. వాళ్లకు వారానికి ఒక రోజు, ఒక టైమ్ ఇచ్చి, ఆ వారం మాక్ మార్కులు మీరే చెప్పండి. తెలియనితనమే వాళ్లతో అన్నిసార్లు అడిగిస్తుంది. గ్రూపుల్లో మార్కులు పంచుకునే మెసేజ్‌లను 70 రోజులు మ్యూట్‌లో పెట్టండి. రెండు పేపర్లుంటే మధ్యలో మొదటిదాని జవాబులు ఎవరితోనూ సరిచూసుకోకండి.

దడ తగ్గడానికి స్నేహితులు వేసుకున్న మాత్ర మీరు వేసుకోవద్దు. గుండె వేగం తగ్గించే కొన్ని మందులు ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదకరం. నిద్రమాత్ర మొదటిసారి వేసుకుంటే మరుసటి ఉదయం మత్తు మిగలవచ్చు. ఇవన్నీ డాక్టర్ చెప్పకుండా ముట్టుకునేవి కావు. రెండు వారాలుగా నిద్ర సరిగ్గా లేకపోతే, తిండి సహించకపోతే, ఊపిరి అందనట్టు దడ పదేపదే వస్తుంటే, లేదా బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, పరీక్ష అయ్యేదాకా ఆగొద్దు. ఇంట్లో ఒకరికి ఈ రోజే చెప్పి డాక్టర్‌ను కలవండి. ఒక పూట చదువు పోతుంది, పోనివ్వండి.